నిద్రమాత్రయు నోటి తడియు

(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు ఏదేని యొక విషయమును గూర్చి అర్ధగంట ప్రసంగింపవలసినదని కార్యనిర్వాహకవర్గమువారు నాకు వ్రాసినప్పుడు, నేను కాళిదాసును గూర్చియో మన విద్యార్థి వసతిగృహమును గూర్చియో మాటలాడుదునని వారు తలంచియుందురు. నిద్రమాత్రలను గూర్చియు నోరెండుటను గూర్చియు చెప్పెదనని నేను బదులు వ్రాయగా, కార్యదర్శిగారు రెండుమారులు ఫోనుచేసి, "మాస్టరుగారూ, విషయము పొరపాటున వ్రాయలేదుగదా?" అని యడిగిరి. పొరపాటు కాదు. నిన్నరాత్రి మనమందఱము ఈ కల్యాణమండపమున జంపఖానాలమీద వరుసగా పరుండితిమి. క్రొత్తచోటగుటచే నిద్రపట్టక, ఒంటిగంటవేళ నేను లేచి మంచినీళ్ల కుండచెంతకు పోవునప్పటికి, అచ్చట నాకంటె ముందు నలుగురు పెద్దలు నిలిచియుండిరి. అందిద్దఱు నీరు త్రాగి, చొక్కాజేబులోనుండి చిన్న మాత్రయొకటి తీసి మ్రింగి, మరల వచ్చి పరుండిరి. మాత్ర వేసికొననిదే నిద్రపట్టదు. వేసికొన్నచో నోరెండి, పట్టిన నిద్రయు చెడును. ఈ రెండింటి నడుమ చిక్కుకొన్నవారు మనలో నెందఱున్నారో ఆ కుండయే సాక్ష్యము చెప్పినది.

నోరెండుటయు నొక బాధయేనా యని నవ్వువారుందురు. భగవద్గీత ప్రథమాధ్యాయమున అర్జునుడు తన దేహమున పుట్టిన వికారములను శ్రీకృష్ణునితో చెప్పుకొనుచు, అవయవములు పట్టుదప్పుటతోపాటు నోరెండిపోవుటను గూడ చెప్పెను. ఆయనకు గుడాకేశుడని పేరు. నిద్రను జయించినవాడని వ్యాఖ్యాతలు దానికర్థము చెప్పుదురు. నిద్రను జయించినవానికే నోరెండగా, నిద్రకై దేవుళ్లాడు మనకెండుట వింతకాదు. మఱియు ధర్మశాస్త్రములు చెప్పిన దివ్యములలో తండులదివ్యమని యొకటి కలదు. దొంగతనము మోపబడినవానిచేత బియ్యము నమలించి ఉమియించెడివారు. ఉమిసినదానియందు రక్తము కనబడినచో వాడు దోషి. వెఱచినవాని నోట తడియుండదు గనుక గింజలు చిగుళ్లను గీచునని దానిలోని కిటుకై యుండునని నా యూహ. మూడేండ్లక్రిందట నన్నెవ్వరైనను ఆ పరీక్షకు నిలిపియుండినచో, ఏ పాపమెఱుగని నేను దొంగగా తేలియుందును.

లాలాజలమనగా నుమ్మియే గదా యని మనకు చులకన. ఆరోగ్యవంతుని నోట దినమునకు సుమారు అరలీటరు మొదలు లీటరున్నర వఱకు లాలాజలమూరును. చెవులముందు, దవడక్రింద, నాలుకక్రింద మూడుజతల పెద్దగ్రంథులును, పెదవులలోను బుగ్గలలోను అంగిటిలోను వందలకొలది చిన్నగ్రంథులును దానిని స్రవింపజేయుచుండును. వాగ్భటుడు నాలుకయందుండి రుచిని తెలియజేయు బోధకశ్లేష్మమును వర్ణించెను. రుచి యొక్కటియే గాదు. ఈ తడియే అన్నమును మ్రింగుటకు జారునట్లు చేయును, ఆమ్లమును కడిగివేయును, పంటిపైపూతనుండి పోయిన సున్నపుసారమును మరల పంటికి చేర్చును, నోట బూజు పెరుగకుండ కాచును, కట్టుడుపండ్లను చిగుళ్లకంటిపెట్టుకొని యుండునట్లు చేయును. నిద్రలో ఈ యూట సహజముగనే మిక్కిలి తగ్గి, ఇంచుమించుగ నిలిచిపోవును. అనగా రాత్రి యన్నది ప్రతివాని నోటికిని కఱవుకాలమే. పగలు నిండుగ నూరువాడు ఆ నిలువతో తెల్లవారువఱకు గడుపును. పగలే యెండినవానికి రాత్రి గడుపుటకు నిలువలేదు. అట్టివాడు నిద్రకై వేసికొను మందు ఆ మిగిలిన బొట్టును గూడ ఆర్చివేయునదైనచో నేమగునో, అది నా కథ.

ఉద్యోగవిరమణానంతరము నాకు మూత్రమాపుకొనలేని బాధ కలిగినది. ఆక్సిబ్యుటినిన్ అను మందు వ్రాసియిచ్చిరి. బాధ తగ్గినది, నోరెండసాగినది. వయస్సు మీఱినదిగదా యని యూరకుంటిని. తరువాత నిద్ర తగ్గినది. బంధువొకరు, "ఇది తుమ్ములకు వాడు మాత్రయే, అపాయమేమియు లేదు, హాయిగ నిద్రపట్టును" అని చెప్పగా, అంగడికి పోయి తెచ్చుకొంటిని. చీటీ యెవ్వరు నడుగలేదు. మొదటి మూడునాలుగు రాత్రులు చిన్నపిల్లవానివలె నిద్రించితిని. పిమ్మట నిద్ర పలుచనైనది గాని నోరెండుట మాత్రము గట్టిపడినది. ఒంటిగంటకు లేచి చెంబెడు నీరు; మూడుగంటలకు ఆ నీటికై పెరటిలోనికి నడక; అచ్చట నిలుచుండినను మూత్రము రాక కాలయాపన. ఒకనాటిరాత్రి ఆ నడకలోనే అరుగుమెట్టు తప్పి పడి మణికట్టు బెణికినది. ప్రాతఃకాలమున విష్ణుసహస్రనామము చదువుచుండగా నాలుక అంగిటికంటుకొని, నడుమ నడుమ ఆగవలసివచ్చెడిది. ఏండ్లతరబడి తరగతిలో గొంతెత్తి శ్లోకము చదివినవానికి అది యెట్టి యవమానమో, ఈ సభలోనున్న నా తోడి యుపాధ్యాయులు గ్రహింపగలరు. అంతకంటె వెఱపు కలిగించినది వేఱొకటి. నా మనుమరాలు అమరకోశమున నీటికి గల పర్యాయపదములను అప్పగించుచు నన్ను సరిచూడుమన్నది. నాలుగవ పదముకడ నేనే ఆగిపోయితిని. పిల్ల నవ్వినది. నాకు నవ్వు రాలేదు.

ఆ సంవత్సరమే రెండు దంతములు చిగురుమొదట పుచ్చి పోయినవి. పండ్లు చూచిన డాక్టరమ్మ నా నోటిలోనికి దీపము వేసి, అద్దపుపుల్లను బుగ్గకానించి తీయగా అది చర్మమున కంటుకొనినది. "రాత్రిపూట ఏమి వేసికొందురు?" అని యామె యడిగెను. పండ్లకు వచ్చినవానిని నిద్రను గూర్చి యడుగుటయేమని నేను చిరాకుపడితిని. అంతకుముందు నన్ను చూచిన వైద్యులెవ్వరును ఆ ప్రశ్న వేయలేదు, నేనును చెప్పలేదు. అంగడిలో కొన్నది మందుకాదని నా భ్రమ. ఆమె పట్టుపట్టి నన్ను మా కుటుంబవైద్యునికడకు, ఇంటిలోనున్న మందులన్నిటిని గుడ్డసంచిలో వేసికొని పొమ్మని పంపెను. ఆయన బల్లమీద సంచి గ్రుమ్మరించగా తొమ్మిదిరకములు తేలినవి. అందు నాలుగు నోటినెండజేయునవే: మూత్రపుమందు, నిద్రకు వాడిన తుమ్ములమాత్ర, జలుబునకు దాచుకొన్న మఱియొక మాత్ర, రక్తపుపోటునకై మూత్రమును జారీచేయు మందు.

ఇట్లేల జరుగునో చెప్పవలెను. పల్లెలో పుట్టినవారందఱు ఉమ్మెత్తను ఎఱుగుదురు. ఉమ్మెత్తగింజ తిన్నవాని నోరెండును, చూపు మసకబారును, మూత్రము బిగియును, మతి చలించి పిచ్చిమాటలాడును. ఉమ్మెత్తలోనున్న ఆట్రోపిను మొదలగు క్షారములు దేహమున ఎసిటైల్‌కోలిన్ అను ద్రవ్యము చేయు పనిని అడ్డుకొనుటయే దీనికి కారణము. లాలాజలగ్రంథులకు నరములనుండి వచ్చు ఆజ్ఞ ఈ ద్రవ్యముద్వారానే అందును. ఆజ్ఞ యందనిచో గ్రంథి స్రవింపదు. నరముల యాజ్ఞ ఇట్టి ద్రవ్యరూపమున నడచునని ఋజువుచేసిన ఆటో లోవీ అను శాస్త్రజ్ఞునికి ఆ ప్రయోగము నిద్రలోనే తోచినదట. రాత్రి లేచి కాగితముపై గీసికొనెను. తెల్లవారి చూడగా తన వ్రాత తనకే తెలియలేదు. మఱునాటిరాత్రి ఆ యూహ మరల వచ్చినది. ఈమారు ఆలసింపక లేచి ప్రయోగశాలకు పోయి, రెండు కప్పల గుండెలతో దానిని నిరూపించెను. 1921లో అది ప్రకటింపబడినది. 1936లో హెన్రీ డేలుతోకలసి ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. మంచినిద్రవలన ఈ ద్రవ్యము బయలుపడినది. ఆ ద్రవ్యమును చంపి మనము నిద్ర తెచ్చుకొనుచున్నాము!

మెదడును మేల్కొల్పియుంచు ద్రవ్యములలో హిస్టమిన్ ఒకటి. తుమ్ములకును దురదకును వాడు పాతతరపు మాత్రలు దానిని అణచుటచే మగతకలుగును. కాని యవి హిస్టమిన్‌తో ఆగక ఎసిటైల్‌కోలిన్‌ను గూడ అడ్డగించును. అమెరికాలో 1946లో అంగడికి వచ్చిన డైఫెన్‌హైడ్రమిన్, డాక్సిలమిన్, ప్రొమెథజైన్, హైడ్రాక్సిజైన్, మనయింట జలుబుమాత్రలలో నుండు క్లోర్‌ఫెనిరమిన్, ఇవన్నియు కొంచెము హెచ్చుతగ్గుగ ఈ కోవలోనివే. ఉమ్మెత్తకు ఇవి దూరపుబంధువులు. పైగా మగతగుణము కొన్నిదినములకే దేహమునకలవాటై తగ్గిపోవును. నాకు జరిగినది సరిగా ఇదియే. నరములనొప్పులకును నిద్రకును రాత్రిపూట ఇచ్చు అమిట్రిప్టిలిన్ ఈ విషయమున మిక్కిలి బలమైనది. క్వెటియపిన్ అనునది మనోవ్యాధులకు ముఖ్యమైన మందు, దానిని వట్టి నిద్రకై వాడుట కొన్నియెడల కలదు, అదియు నోరెండించును. అమెరికా నిద్రావైద్యసంఘమువారు 2017లో, నిద్రాలేమికి డైఫెన్‌హైడ్రమిన్ వాడవలదని సూచించిరి. ఆ దేశపు వృద్ధవైద్యసంఘమువారు బీర్స్ ప్రమాణములను పేరుతో ఒక పట్టికను ప్రకటించుచుందురు; 2023 నాటి పట్టికలో అఱువదియైదేండ్లు దాటినవారు ఈ పాతతరపు మాత్రలను మానవలెనని యున్నది. నోరెండుట యొక్కటియే గాదు. మతిమఱపు, మలబద్ధము, మూత్రబంధము, పడిపోవుట దీనికి కారణములు. ఇట్టి మందులు రెండుమూడు కలసినప్పుడు కీడు కూడికవలె పెరుగును. ఒక్కొక్కదానిని ఒక్కొక్క వైద్యుడు వ్రాయును. మొత్తము వేయువాడు లేడు.

అట్లయిన నోటికి కీడుచేయని నిద్రమందేది? సభలో నాకు ముందుగనే ఈ ప్రశ్న వేసినవారున్నారు. సంఘపోషకులొకరు నవ్వుచు, "రాత్రి ఔన్సు బ్రాందీ యెట్లుండును మాస్టరుగారూ?" అని యడిగిరి. చరకుడు నిద్రనిచ్చువానిలో మద్యమును గూడ చేర్చినమాట నిజమే, దాచనేల? మద్యము నిద్రను త్వరగ పిలుచును, కాని రాత్రి రెండవసగమున దానిని చీల్చివేయును, మూత్రమును పెంచును, నోటినెండబెట్టును, గుఱకపెట్టువానికి గొంతును మఱింత వదులుచేయును. నిద్రమాత్రతో కలసినచో ప్రాణాపాయము. చరకుని పట్టికలో పోషకులవారికి పనికివచ్చునవి వేఱేయున్నవి: తలంటు, కాళ్లు పిసికించుకొనుట, మనస్సునకింపైన ధ్వని, గేదెపాలు. వీనిలో నోటికి శత్రువు ఒక్కటియు లేదు. పాలు త్రాగినపిదప నోరు పుక్కిలింపవలెను, అంతమాత్రమే.

అల్ప్రజోలమ్, క్లోనజిపామ్ జాతివియు, జోల్పిడెమ్‌ను ఎసిటైల్‌కోలిన్‌పై ప్రత్యేకముగ దాడిచేయునవి కావు. వీనివలనను కొందఱికి నోరెండును. అయినను తుమ్ములమాత్రలంత గాదు. అందుచే ఇవి మేలని చెప్పుటకు నాకు నోరు రాదు. అలవాటుగ మాఱుట, వృద్ధులు పడి తుంటియెముక విఱుచుకొనుట వీనియందు పెద్దభయములు. జోల్పిడెమ్ వేసికొని నిద్రలోనే లేచి నడచి ప్రమాదము పాలైనవారుండుటచే అమెరికా ఔషధశాఖవారు 2019లో దాని పొట్లముపై గట్టిహెచ్చరికను ముద్రింపజేసిరి. చాలకాలముగ ఈ మాత్రలు వాడుచున్నవారు నా మాటలు విని ఈరాత్రియే మానవలదు. అల్ప్రజోలమ్ వంటిదానిని హఠాత్తుగ మానినచో మూర్ఛలు గూడ రావచ్చును. వైద్యుని కనుసన్నలలో వారములతరబడి తగ్గించుకొనవలెను.

నోటితడి దృష్టిలో సాధువులు వేఱుకొన్ని కలవు. మెలటోనిన్ అను ద్రవ్యమును మన మెదడులోని పీనియల్ గ్రంథియే చీకటిపడగనే పుట్టించును. 1958లో ఆరన్ లెర్నర్ దానిని వేఱుచేసెను. నెమ్మదిగ కరగు 2 మిల్లిగ్రాముల మాత్రను ఏబదియైదేండ్లు పైబడినవారికి ఐరోపాలో 2007 నుండి అనుమతించిరి. అది నోరెండించుట అరుదు. కాని దాని బలమును గూర్చి ఆశపెంచుకొనరాదు: అనేక పరిశోధనలను కూడి చూడగా అది నిద్రను సగటున 7 నిమిషములు మాత్రమే ముందునకు తెచ్చినట్లు 2013లో తేలినది. అదే మార్గమున పనిచేయు రామెల్టియాన్ అనునది అలవాటు కానిది; నిద్రపట్టుటలోని ఆలస్యమునకు పనికివచ్చును గాని నడుమ మెలకువకు అంతగాదు. మేల్కొలుపు ద్రవ్యమైన ఒరెక్సిన్‌ను అణచు క్రొత్తజాతి మందులు 2014 నుండి వచ్చినవి. వానివలన నోరెండుట కొలదిమందికే. వీనిలో మీకేది తగునో, మీ కాలేయమును మూత్రపిండములను తక్కిన మందులను ఎఱిగిన వైద్యుడే చెప్పవలెను. నాకు మా వైద్యుడు కొన్నివారములు మెలటోనిన్ ఇచ్చెను. అది కొంత తోడ్పడెను. నన్ను గట్టెక్కించినది మాత్రము మాత్ర కాదు.

గట్టెక్కించినది యేదన, మంచముపై నుండు కాలమును తగ్గించుట. చెప్పిన హాస్యముగ నుండును. నేను రాత్రి ఎనిమిదిన్నరకే పరుండి ఉదయము అయిదున్నరవఱకు మంచమును వదలెడివాడను కాను. తొమ్మిదిగంటల పడకకు దక్కిన నిద్ర అయిదుగంటలు. తక్కిన నాలుగుగంటలు నోరు తెఱచుకొని దప్పికను తలచుకొనుటయే. వైద్యుడు నన్ను రాత్రి పదునొకండింటివఱకు పరుండవద్దనియు, ఎట్టి రాత్రియైనను నాలుగున్నరకు లేవవలెననియు, పగలు కునుకు తీయరాదనియు, ఇరువదినిమిషములలో నిద్రరాకున్న లేచి కుర్చీలో కూర్చుండి మరల కన్నులు మూతపడునప్పుడే మంచమెక్కవలెననియు ఆజ్ఞాపించెను. గడియారము వంక చూడరాదు. మొదటివారము నాకు నరకము. భోజనముముందు కూర్చుండి తూగితిని. రెండవవారము నిద్ర ముద్దకట్టినది. తరువాత పదునైదేసి నిమిషములుగ పడకకాలము పెంచిరి. ఇది మా వైద్యుని సొంతకల్పన కాదు: నిద్రపట్టనప్పుడు మంచము విడువుమను పద్ధతిని రిచర్డ్ బూట్జిన్ 1972లోను, పడకకాలమును కుదించు పద్ధతిని ఆర్థర్ స్పీల్మన్ మొదలగువారు 1987లోను ప్రకటించిరి. రెండును కలిసిన చికిత్సను సీబీటీ-ఐ యందురు. 2016లో అమెరికా వైద్యుల కళాశాలవారు చిరకాలపు నిద్రాలేమికి మందులకంటె ముందు దీనినే చేయవలెనని చెప్పిరి. దీనివలన నోట ఒక్కబొట్టు తగ్గదు. మూర్ఛరోగము గలవారును, ఉన్మాదము వచ్చిపోవు వ్యాధిగలవారును, రాత్రింబవళ్లు బండినడుపువారును మాత్రము దీనిని తమంతట మొదలుపెట్టరాదు.

ఇంటివైద్యమును గూర్చి మన స్త్రీలు నన్ను తప్పక ప్రశ్నింతురు. పాలలో చిటికెడు జాజికాయపొడి వేసిన భయములేదు. నిద్రరాలేదని కాయలకొలది అరగదీసిన మాత్రము నోరెండి, గుండె దడదడలాడి, మతి తిరుగును. అశ్వగంధవలన నిద్ర కొంత బాగుపడినట్లు చిన్నచిన్న పరిశోధనలు చెప్పుచున్నవి. అరుదుగ కాలేయమునకు దెబ్బతగిలినట్లును వ్రాసిరి. తైరాయిడు మందు వాడువారు వైద్యునడుగనిదే ముట్టరాదు. నోటిమాట యెత్తితిమి గనుక వక్కను గూర్చి చెప్పవలెను. వక్కలోని అరెకోలిన్ అను క్షారము ఉమ్మెత్తకు సరిగ విరుద్ధము. గ్రంథులను ఎసిటైల్‌కోలిన్ వలెనే తట్టిలేపి నోరూరించును. నోరెండినవారి చేయి తెలియకయే వక్కపెట్టెవైపు పోవుటకిదే కారణము. మా యింటనే చూచితిని. కాని వక్క ఒంటిగనే క్యాన్సరును కలిగించునని ప్రపంచారోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనసంస్థ 2004లో తీర్మానించినది; నోరు తెఱవరాకుండ బుగ్గలు బిగియు వ్యాధియు దానివలననే. తాంబూలము మన మర్యాదలోనిదే; ఐనను దప్పికకు మందుగ దానిని నమలరాదు.

అట్లే పటికబెల్లపుముక్కను బుగ్గనుంచుకొని నిద్రించువారు కలరు. తడిలేని నోట రాత్రియంతయు చక్కెర నిలుచుటకంటె పండ్లకు విషము లేదు. నా రెండుదంతములలో నొకదాని చావు ఈ పటికబెల్లము పద్దులోనిదే యని నా యనుమానము. దానికి బదులు జైలిటాల్ చేర్చిన, చక్కెరలేని బిళ్లను పరుండుటకు ముందు చప్పరించి, కరగినపిదప నిద్రింపవలెను. నిమ్మకాయయు ఉసిరికాయయు పగలు కొంచెము మేలే. రాత్రి పండ్లను కొఱుకును. నువ్వులనూనె పుక్కిలించుటను చరకుడు గొంతెండుటకును పెదవులు పగులుటకును మేలని చెప్పెను. కూర్చుండి పుక్కిలించి ఉమియవలెను గాని పరుండి నోట నుంచుకొనరాదు. కృత్రిమలాలాజలమని అంగళ్లలో దొరకు జిగురును పడకముందు నోట పూసికొన్న నాకు మూడుగంటలు తడి నిలుచుచున్నది. సారాయము చేరిన పుక్కిలింపుమందులు ఎండినవానిని మఱింత యెండించును. ప్రక్కన చెంబు గాదు, చిన్నగ్లాసు పెట్టుకొనుడు. గుటక గాదు, గ్రుక్కెడు తడి. ఫంకా గాలి ముఖముపై సూటిగ పడకుండ మంచము జరుపుకొనుడు. కాఫీ మధ్యాహ్నముతో సరి.

నోరేల యెండుచున్నదో విచారింపక ఇన్ని చేయుటయు తప్పే. ముక్కుదిబ్బడచే నోటితో గాలిపీల్చువానికి ముక్కును బాగుచేయవలెను. గుఱకపెట్టి నడుమ ఊపిరాగి త్రుళ్లిపడి లేచువానికి నిద్రమాత్రయే శత్రువు. వానిని పరీక్షించి గాలియంత్రమీయవలెను, దానికి తేమపాత్ర తగిలింపవలెను. దప్పికయు మూత్రమును రెండును హెచ్చినచో ముందు చక్కెర చూపించుకొనుడు. కన్నులలో ఇసుక పోసినట్లుండి నోరుగూడ ఎండినచో, స్వీడనుదేశపు కంటివైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లో వివరించిన వ్యాధి యైయుండవచ్చును; అది నడివయస్సు స్త్రీలకు హెచ్చు. మెడకును నోటికిని రేడియం చికిత్స పొందినవారి యెండుట వేఱు. వారి గ్రంథులే దెబ్బతినియుండును. గ్రంథులలో కొంతప్రాణమున్నచో, బ్రెజిలుదేశపు జాబొరాండి యాకునుండి వచ్చిన పైలోకార్పిన్ ఊట తెప్పింపగలదు. ఉబ్బసమును కొన్నిజాతుల కంటియొత్తిడియు గలవారికది కూడదు. నా మట్టుకు కారణము సంచిలోనే యుండినది. ఆక్సిబ్యుటినిన్‌కు బదులు వేఱుమార్గమున పనిచేయు మిరాబెగ్రాన్ ఇచ్చిరి; తుమ్ములమాత్రలు రెండును పోయినవి; రక్తపుపోటుమందు ప్రొద్దుటికి మాఱినది. నోరు పూర్వపునోరు కాలేదు. కాని ఇప్పుడు ఒకమారే లేచెదను, అయిదున్నరగంటలు నిద్రించెదను, సహస్రనామము ఆగక పూర్తియగుచున్నది. నీటి పర్యాయపదములు మనుమరాలికి సరిగ అప్పగింపగలుగుచున్నాను.

ఇక సంఘపోషకులకొక విన్నపము. మహాసభతోపాటు ఏటేట మనము జరుపు ఉచితవైద్యశిబిరమున కన్నులు చూతురు, చక్కెర చూతురు, రక్తపుపోటు చూతురు. నోరు చూచువారు మాత్రము లేరు. నా వ్యాధిని పట్టినది పండ్ల డాక్టరమ్మ. వచ్చుసంవత్సరము ఒక దంతవైద్యుని కుర్చీకయ్యెడు వ్యయమును ఎవ్వరైనను భరింపవలెనని ప్రార్థించుచున్నాను. శాలువలు తగ్గించినను సరిపోవునని కార్యదర్శిగారు నాతో ఏకాంతమున ననిరి. వారి మాటగ చెప్పుటకు వారు నన్ను క్షమింతురుగాక.

రేపటి శిబిరమునకు మాత్రము పెద్దలందఱు వట్టిచేతులతో రాకుడు. రాత్రి వేసికొనునవి, పగలు వేసికొనునవి, కోడలికి తెలియకుండ దిండుక్రింద దాచినవి, పసరులు, చూర్ణములు సర్వమును ఒక్కసంచిలో వేసికొని రండు. అచ్చటి వైద్యుని, "వీనిలో నా నోటినెండజేయునవి యేవి? వానిలో మానదగినది గాని మార్చదగినది గాని కలదా?" యని యడుగుడు. ఎనిమిదిగంటలకు వరుస మొదలగును. నా సంచి యిదిగో, వెంట తెచ్చితిని. మొదటివాడనుగ నేనే నిలిచెదను.